ప్రివ్యూ థియేటర్లో బీజీఎం లేటు, ఇంట్లో సిస్టమ్‌లో మాత్రం కరెక్ట్. ఎక్కడ పొరపాటు?

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · శనివారం రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివేసి వెళ్ళిపోయే బ్యాచ్ నేను. ఇవాళ గతిలేక రాస్తున్నా.

18 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కి ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) చేశాను. పాతబస్తీలో ఒక దర్జీ కుటుంబం, కొడుకు గల్ఫ్‌కి వెళ్ళిపోతాడు, అదీ కథ. రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో నెలన్నర కూర్చుని చేశా. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో చూస్తే ప్రతి కట్టూ సరిగ్గా పడుతోంది. ఇవాళ పొద్దున ఒక చిన్న ప్రివ్యూ థియేటర్లో వేశారు. మొదట్లో బాగానే ఉంది, పోనుపోను ఏదో తేడా. చివరి షాట్‌లో అమ్మ తలుపు మూస్తుంది, ఆ చప్పుడుతోనే వయొలిన్లు ఎత్తుకోవాలి. తలుపు మూసుకుంది, తెర నల్లబడింది, ఆ తర్వాత తీరిగ్గా వచ్చాయి వయొలిన్లు. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు.

విచిత్రం ఏంటంటే డైలాగులు పెదాలకి సరిగ్గానే ఉన్నాయి. ఒక్క మ్యూజిక్కే లేటు. డైరెక్టరేమో (నా రూమ్మేటే) "నువ్వే తప్పు ఎక్స్‌పోర్ట్ చేశావ్" అంటున్నాడు. ఫైళ్ళు మళ్ళీ తెరిచి చూశా, ఏ తప్పూ కనిపించలేదు. వచ్చే శనివారం మళ్ళీ షో ఉంది. టెన్షన్‌తో చచ్చిపోతున్నా.

---

లాజిక్‌_ఒక్కటే · శనివారం రాత్రి 11:59

మ్యాక్ కొనుక్కుని దాని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌కి వచ్చేయ్ బ్రో. సినిమా పని రీపర్‌లో ఎవరు చేస్తారు?

---

రీపర్_రైతు · ఆదివారం రాత్రి 12:06

వచ్చాడండీ. లక్ష పెట్టి మ్యాక్ కొంటే వయొలిన్లు టైముకి వస్తాయా? 60 రోజులు ఉచితంగా వాడుకుని, నచ్చితే 60 డాలర్లు కట్టే సాఫ్ట్‌వేర్ అది. దాని మీద నీకెందుకు బాబూ అంత కక్ష.

యూసుఫ్‌గూడ తమ్ముడూ, వయొలిన్లు ఏ శాంపిల్ లైబ్రరీ (రికార్డు చేసిపెట్టిన స్వరాల ప్యాక్)? లెగాటో (స్వరాన్ని స్వరానికి కలుపుతూ వాయించిన) శాంపిల్స్ అయితే నోట్ నొక్కాక అసలు శబ్దం రావడానికి కొంచెం ఆలస్యం ఉంటుంది, కొన్నింట్లో 100 మిల్లీసెకన్లు దాటుతుంది. అందుకే ఆ ట్రాక్‌ని మైనస్‌లో ముందుకి జరుపుతారు. అది చేశావా?

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · ఆదివారం రాత్రి 12:15

చేశానన్నా. పైగా వయొలిన్లే కాదు, తబలా కూడా లేటే. ఇంకో అనుమానం: నేను 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకి 48 వేల నమూనాలు) ఇచ్చాను, వాళ్ళు 44.1 అనుకుని వేసి ఉంటారా?

---

పాత_నాగ్రా · ఆదివారం ఉదయం 6:20

బాబూ, అది కాదు. 48లో చేసినదాన్ని 44.1గా వాయిస్తే శ్రుతి ఇంచుమించు అర్ధస్వరమున్నర దిగిపోతుంది, మీ 18 నిమిషాల సంగీతం పంతొమ్మిదిన్నర నిమిషాలు సాగుతుంది. ఆ తేడా నవ్వినవాడికే కాదు, బయట టీ అమ్మేవాడికి కూడా తెలిసిపోతుంది. రైతుగారు చెప్పిన లెగాటో ఆలస్యం కూడా కాదు. అది మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే ఉండాలి. మీరు "పోనుపోను" అన్నారు. రోగం ఆ మాటలోనే ఉంది.

నాకు మూడు విషయాలు చెప్పండి. ఒకటి, 2వ నిమిషంలో, 9వ నిమిషంలో, చివర్లో ఎంతెంత లేటు? రెండు, ఏ కెమెరాతో తీశారు, ఎడిటింగ్ టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని ఫ్రేములు) ఎంత? మూడు, మీ స్టెమ్స్ (విడివిడి సంగీతం ఫైళ్ళు) థియేటర్‌కి ఎలా చేరాయి, ఎడిటర్ ద్వారానా, మీరు నేరుగా ఇచ్చారా?

---

ఎడిట్_టేబుల్ · ఆదివారం ఉదయం 9:02

మూడో ప్రశ్న అడిగారంటే పెద్దాయనకి జబ్బు ఏంటో తెలిసిపోయినట్టే 😀 పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చుంటున్నా.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · ఆదివారం మధ్యాహ్నం 1:40

సార్, నిన్న షో జరుగుతుంటే ఫోన్లో తెర రికార్డు చేసుకున్నా, అది పెట్టుకుని కొలిచా. 2వ నిమిషంలో తేడా దాదాపు తెలియట్లేదు, మూడు ఫ్రేములు ఉంటుందేమో. 9వ నిమిషంలో అర సెకను. చివర్లో సెకను మీద కాస్త.

మిర్రర్‌లెస్ కెమెరా. మెనూలో 24 అనే పెట్టాం. ఎడిటర్ ఇప్పుడు చూసి చెప్పాడు, టైమ్‌లైన్ 23.976 అట. నాకు రెండూ ఒకటే అనుకున్నా.

డైలాగులు, ఎఫెక్ట్స్ ఎడిటర్ దగ్గర్నుంచి సినిమాతో పాటే వెళ్ళాయి. నా స్టెమ్స్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో నేనే తీసుకెళ్ళి ఇచ్చా.

---

పాత_నాగ్రా · ఆదివారం మధ్యాహ్నం 2:25

అయితే లెక్క తేలిపోయింది.

24, 23.976 ఒకటి కాదు. రెండోది మొదటిదానికంటే వెయ్యిలో ఒక వంతు నెమ్మది. ఇది అమెరికా టీవీ పెట్టిన తంటా. 1953లో రంగుల ప్రసారం తెచ్చినప్పుడు రంగు సంకేతం, శబ్ద సంకేతం ఒకదానికొకటి అడ్డుపడకుండా 30 ఫ్రేములని 29.97కి దించారు. ఆ టీవీ కోసమే సినిమా 24 కాస్తా 23.976 అయింది. మనది పాల్ అనే టీవీ పద్ధతి, టీవీకి 25, సినిమాకి 24. మన ఊళ్ళో 23.976తో ఎవరికీ పని లేదు. కానీ చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో మెనూలో 24 అని ఉన్నా లోపల నడిచేది 23.976.

థియేటర్లో వేసే డిజిటల్ సినిమా ప్యాకేజీకి, అంటే డీసీపీకి, 23.976 పనికిరాదు, 24 కావాలి. కాబట్టి అది తయారుచేసినవాళ్ళు బొమ్మని వెయ్యిలో ఒక వంతు వేగం పెంచారు. ఎడిటర్ పంపిన డైలాగులనీ దాంతోపాటే పెంచారు, అందుకే పెదాలు కలిశాయి. మీ పెన్‌డ్రైవ్ సంగీతం పాత వేగంలోనే ఉండిపోయింది. 18 నిమిషాలంటే 1080 సెకన్లు, అందులో వెయ్యో వంతు 1.08 సెకను. 26 ఫ్రేములు. మీ అమ్మగారు తలుపు మూసి 26 ఫ్రేములు ఎదురుచూశారు వయొలిన్ల కోసం.

2 నిమిషాలకి మూడు ఫ్రేములు, 9 నిమిషాలకి అర సెకను. మీ కొలత కూడా సరిపోయింది చూడండి.

---

రీపర్_రైతు · ఆదివారం మధ్యాహ్నం 2:31

🙏🙏 సాష్టాంగం.

తమ్ముడూ, కొత్తగా ఏమీ వాయించక్కర్లేదు. స్టెమ్స్ అన్నీ ఒకే చోట మొదలవుతున్నాయి కదా? అన్నింటినీ ఎంచుకుని ఐటమ్ ప్రాపర్టీస్‌లో ప్లేబ్యాక్ రేటు 1.001 ఇవ్వు. పిచ్ కాపాడే టిక్కు తీసెయ్. ఉంచితే సాగదీసే అల్గారిథం తబలా దెబ్బల అంచులు మొద్దుబారుస్తుంది. తీసేస్తే శ్రుతి రెండు సెంట్లు కూడా పెరగదు. అర్ధస్వరంలో 100 సెంట్లు ఉంటాయి, నువ్వే ఊహించుకో.

---

మిశ్రచాపు · ఆదివారం మధ్యాహ్నం 3:10

రెండు సెంట్లు అంటే కచేరీ మధ్యలో ఏసీ వేస్తే నా వయొలిన్ తీగ మారేదానికంటే తక్కువ. నిశ్చింతగా చెయ్యండి.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · ఆదివారం సాయంత్రం 5:55

చేశా!! ఎడిటర్ దగ్గర్నుంచి 24కి మార్చిన బొమ్మ తెప్పించుకుని దాని మీద పెట్టి చూశా. తలుపు, వయొలిన్, ఒకేసారి. రూమ్మేట్‌ని పిలిచి మూడుసార్లు చూపించా. "ఎక్స్‌పోర్ట్ తప్పు కాదన్నమాట" అన్నాడు, సారీ మాత్రం చెప్పలేదు.

నాగ్రా సార్, మీ కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పండి, వచ్చి మొక్కుతా. ఇంకో డౌట్: నా ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు 24 అనే ఉంది. మరి ఎందుకు తేడా వచ్చింది?

---

పాత_నాగ్రా · ఆదివారం రాత్రి 8:15

కాళ్ళు మోకాళ్ళ నొప్పితో మంచం మీద ఉన్నాయి, వదిలెయ్యండి.

ఆ సెట్టింగ్ టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము) అంకెలని ఎలా చూపాలో చెప్పేది మాత్రమే. శబ్దం వేగాన్ని అది ముట్టుకోదు. గోడ మీద గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పుకున్నంత మాత్రాన రైలు ముందు రాదు కదా.

మేము పని నేర్చుకున్న రోజుల్లో ఈ బాధ లేదు. 35 ఎంఎం బొమ్మకీ, అదే వెడల్పు మాగ్నెటిక్ టేపుకీ ఒకేలాంటి రంధ్రాలు, ఒకే మోటారు తిప్పేది. నిమిషానికి 90 అడుగులు. కరెంటు పోతే రెండూ కలిసే ఆగేవి. ఇప్పుడు బొమ్మ ఒకచోట, శబ్దం ఇంకోచోట, మధ్యలో పెన్‌డ్రైవ్. అందుకే టూ పాప్ పెట్టుకోవాలి. సినిమా 1 గంట టైమ్‌కోడ్ దగ్గర మొదలైతే సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒకే ఒక్క ఫ్రేము పొడవున 1 కిలోహెర్ట్జ్ బీప్. బొమ్మలో అదే ఫ్రేములో 2 అంకె. మీరిచ్చే ప్రతి స్టెమ్‌లోనూ ఆ బీప్ ఉండాలి.

చాలామంది ఇంతటితో ఆపేస్తారు. ఆఖరి ఫ్రేము తర్వాత రెండు సెకన్లకి ఇంకో బీప్ పెట్టండి. దాన్ని తోక పాప్ అనండి. తల కలిసి తోక కలవలేదంటే వేగంలో తేడా ఉన్నట్టే. అది పెట్టి ఉంటే మీ గొడవ థియేటర్‌ మెషీన్ రూములోనే ఐదు నిమిషాల్లో తేలిపోయేది, ఎవరూ నవ్వేవారు కాదు.

---

ఎడిట్_టేబుల్ · ఆదివారం రాత్రి 9:30

ఎడిటర్ల తరఫున ఒక మాట. మ్యూజిక్ వాళ్ళు "ఒక ఫైల్ పంపు బాస్" అని మెసేజ్ పెడతారు, అంతే. మేము వాట్సాప్‌లో పంపితే దాని మీదే చేసేసుకుంటారు! అది బొమ్మని పిండి పిప్పి చేసి పంపిస్తుంది. ఏం కావాలో అడగండి: ఫ్రేమ్ రేటు మారకుండా, తెర మీద టైమ్‌కోడ్ అంకెలు వేసి, ప్రోరెస్ ప్రాక్సీ లేదా డీఎన్ఎక్స్‌హెచ్‌డీ వీడియో ఫార్మాట్‌లో. హెచ్.264 ఫైల్ చిన్నదే, కానీ అందులో ఎక్కువ ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. మీరు వెనక్కీ ముందుకీ జరిపినప్పుడల్లా కంప్యూటర్ వాటన్నింటినీ మళ్ళీ లెక్కగట్టుకోవాలి. వయొలిన్ శాంపిల్స్‌కి మిగలాల్సిన బలం అక్కడ ఖర్చయిపోతుంది. డైలాగు ఒక ట్రాక్, ఎఫెక్ట్స్ ఒక ట్రాక్, రెఫరెన్స్ మ్యూజిక్ ఒక ట్రాక్, విడివిడిగా అడగండి.

ఫోన్‌తో తీసిన షాట్లుంటే ఇంకో తలనొప్పి. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటు నిలకడగా ఉంచవు. ముందు దాన్ని స్థిరమైన రేటుకి మార్చాకే ఎవరైనా ముట్టుకోవాలి.

---

లాజిక్‌_ఒక్కటే · ఆదివారం రాత్రి 10:04

ఇందాక ఎగతాళి చేశా, ఏమనుకోకు బ్రో. నిజం చెప్తున్నా, నాకూ 23.976 సంగతి ఇవాళే తెలిసింది. లాజిక్‌లో అయితే వీడియో వేసి ఒక కమాండ్ ఇస్తే కట్లు ఎక్కడెక్కడున్నాయో అదే వెతికి మార్కర్లు పెడుతుంది, అదొక్కటి మాత్రం నిజంగా సుఖం.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · సోమవారం రాత్రి 10:37

మళ్ళీ నేనే. సింక్ అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నా. ఇప్పుడు డైరెక్టర్‌కి ఒక సీన్ మ్యూజిక్ నచ్చలేదు. ఆటో సీన్. కొడుకు ఆటో ఎక్కుతాడు, గల్లీ చివర ఆటో మలుపు తిరుగుతుంది. సీన్ మొదలైన 17.5 సెకన్లకి మలుపు. అక్కడ సంగీతం మారాలి. నా టెంపో 90 (నిమిషానికి 90 బీట్లు). మలుపు వచ్చేసరికి 26 బీట్లు అయి ఇంకో పావు బీటు మీద ఉంటోంది. టెంపో మధ్యలో మెల్లగా మార్చి చూశా, తాగి వాయించినట్టుంది. పైగా టెంపో ముట్టుకున్నానో లేదో డైలాగులన్నీ పక్కకి జరిగిపోయాయి. రెండు గంటలు వాటిని వెనక్కి తేవడానికే సరిపోయింది.

---

రీపర్_రైతు · సోమవారం రాత్రి 10:50

జరగడం సంగతి నేను చెప్తా, టెంపో సంగతి మిశ్రచాపు మేడమ్‌ చెప్తారు. డైలాగు, ఎఫెక్ట్స్, వీడియో ట్రాకుల టైమ్‌బేస్‌ని బీట్స్ నుంచి టైమ్‌కి మార్చు. అప్పుడు టెంపో ఏం చేసినా అవి కదలవు. నీ మిడి ట్రాకులు (కీబోర్డ్ నోట్లు ఉన్నవి) మాత్రం బీట్స్‌లోనే ఉంచు. క్యూబేస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో దీన్నే లీనియర్, మ్యూజికల్ అంటారు. లాజిక్‌లో అయితే రీజియన్‌కి (ట్రాక్ మీది ముక్కకి) స్మ్‌ప్టే లాక్ వేస్తారు, అంటే టైమ్‌కోడ్‌కి కట్టేస్తారు. పేరేదైనా విషయం ఒకటే: బొమ్మకి సంబంధించినది గడియారాన్ని పట్టుకోవాలి, పాటకి సంబంధించినది తాళాన్ని.

---

మిశ్రచాపు · మంగళవారం ఉదయం 5:40

సాధనకి కూర్చునే ముందు చూశాను, చేత్తోనే లెక్క వేశాను. ఇప్పుడు మీ బొమ్మ 24 కదా.

24 ఫ్రేములు ఇంటూ 60 సెకన్లు, 1440. దాన్ని టెంపోతో భాగిస్తే ఒక్కో బీటుకి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 60కి 24, 72కి 20, 80కి 18, 90కి 16, 96కి 15, 120కి 12. మీ మలుపు 17.5 సెకన్లు, అంటే 420 ఫ్రేములు. 90 టెంపోలో బీటుకి 16 కాబట్టి 26 పోయి 4 ఫ్రేములు శేషం, అదే మీ పావు బీటు. 96 పెట్టండి. బీటుకి 15. 420ని 15తో భాగిస్తే 28, శేషం లేదు.

28 అంటే మీ నాలుగు బీట్ల లెక్కలో 7 బార్లు. నాకు మాత్రం 28 చూడగానే నాలుగు ఏడులు కనిపించాయి. బీటుని ఒక అక్షరం అనుకుంటే ఏడక్షరాల మిశ్రచాపు తాళం నాలుగు ఆవర్తనాలు (చుట్లు). తకిట తకధిమి, తకిట తకధిమి... నాలుగుసార్లు అయ్యాక సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఆటో మలుపు. కొడుకు వెళ్ళిపోయే సీన్ అంటున్నారు. నాలుగు నాలుగు బీట్లు కవాతులా ఉంటాయి. ఏడు కుంటుతూ నడుస్తుంది, వెనక్కి తిరిగి చూసే మనిషి నడకలాగా. ప్రయత్నించి చూడండి.

ఒక జాగ్రత్త. సరిగ్గా 420వ ఫ్రేము మీదే దెబ్బ వేయకండి. రెండు మూడు ఫ్రేములు వెనక పడినా కంటికి ముందు అంది, చెవికి తర్వాత అందినట్టు సహజంగా ఉంటుంది. ముందు పడితే మాత్రం బొమ్మని సంగీతం తోసినట్టుంటుంది.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · మంగళవారం రాత్రి 9:18

మేడమ్, ఏం చెప్పమంటారు. ఏడు వేశా. కింద తబలా తీసేసి వట్టి తీగలు, మీద సన్నగా వయొలిన్ శుభపంతువరాళిలో. రూమ్మేట్ మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి చూశాడు.

కానీ వయొలిన్ గమకం (స్వరాన్ని ఊపడం) రావట్లేదు. కీబోర్డ్ మీది పిచ్ వీల్‌తో తంటాలు పడుతున్నా, సినిమాల్లో దెయ్యం అరుపులా వస్తోంది.

---

మిశ్రచాపు · మంగళవారం రాత్రి 9:45

పిచ్ వీల్ మామూలుగా పైకి రెండు, కిందకి రెండు అర్ధస్వరాలే కదులుతుంది. మన గమకం కొన్నిచోట్ల అంతకంటే దూరం పోతుంది, అక్కడే తెగిపోతుంది. పరిధి పెంచుకోవచ్చు. అయినా ఆ శాంపిల్ పాశ్చాత్య వాద్యకారుడు వాయించినది, అందులో ఆయన వణుకు ముందే ఉంది. దాని మీద మీ ఊపు ఎక్కిస్తే రెండు చేతులు ఒకే తీగని పట్టుకుని లాగినట్టుంటుంది.

గురువారం సాయంత్రం నాకు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ ఉంది. అయ్యాక మైకు తీసుకుని వస్తే ఆ 17 సెకన్లు వాయించి ఇస్తాను. శ్రుతి ఏదో ముందే చెప్పండి, తంబురా, క్లిక్కు (టెంపో చూపే టిక్ టిక్) హెడ్‌ఫోన్లో పెట్టండి. డబ్బులొద్దు, సినిమా చివర పేరు వెయ్యండి. స్పెల్లింగ్ తప్పు లేకుండా.

---

ఎడిట్_టేబుల్ · మంగళవారం రాత్రి 10:20

ఎవరూ నన్ను తిట్టొద్దు. ఆ సినిమా ఎడిటర్ నా స్నేహితుడేనని ఇవాళే తెలిసింది. ఆటో సీన్‌లో మలుపు తర్వాత ఖాళీ గల్లీ షాట్ పెద్దదయిందని 4 సెకన్లు కోస్తున్నాడు.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · మంగళవారం రాత్రి 10:22

వద్దూ 😭 ఎడిట్ లాక్ అన్నారు కదా!

---

మిశ్రచాపు · మంగళవారం రాత్రి 10:41

4 సెకన్లంటే 96 ఫ్రేములు, అంటే 6 బీట్లు పోను ఇంకా 6 ఫ్రేములు. తాళం విరుగుతుంది. 96 బదులు 105 ఫ్రేములు కోయమనండి, సరిగ్గా ఒక ఆవర్తనం పోతుంది. సంగీతంలోంచి కూడా ఒక ఆవర్తనం తీసి అతికిస్తే కుట్టు కనపడదు.

---

ఎడిట్_టేబుల్ · మంగళవారం రాత్రి 11:15

ఫోన్ చేశా. "తొమ్మిది ఫ్రేములే కదా, పోనీ" అన్నాడు. ఇరవై ఏళ్ళ నా సర్వీసులో తాళం కోసం కట్టు మార్చడం ఇదే మొదటిసారి. మామూలుగా మ్యూజిక్ వాళ్ళకి మేము చెప్పను కూడా చెప్పం, తెలిసేసరికి రిలీజ్ అయిపోయి ఉంటుంది.

---

బార్కస్_బీట్ · బుధవారం మధ్యాహ్నం 12:30

సలాం అన్నా. బారాత్ సీన్ ఉందా మీ సినిమాలో? దర్జీ ఇల్లు, పాతబస్తీ అంటే మర్ఫా (పెళ్ళిళ్ళ డప్పుల బ్యాండ్) ఉండాలె కదా. శాంపిల్ ప్యాక్‌లో ఏదో ఆఫ్రికా డ్రమ్ లూప్ వేసి మర్ఫా అంటరు చాలామంది. మా చెవికి అది వెంటనే దొరికిపోతది.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · బుధవారం మధ్యాహ్నం 12:44

దొరికిపోయా అన్నా. లూపే వేశా. 40 సెకన్ల సీన్.

---

బార్కస్_బీట్ · బుధవారం మధ్యాహ్నం 1:20

ఫికర్ లేదు. నిజాం ఫౌజులో పనికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తెచ్చిన బీట్ ఇది. బార్కస్ పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. ఏసీ గార్డ్స్‌ల ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, ఆఫ్రికన్ క్యావల్రీ. మా మామూ వాళ్ళ బ్యాండ్ ఉంది, శుక్రవారం నమాజ్ తర్వాత వస్తరు.

రికార్డు చేసే పద్ధతి వేరే. స్టూడియో గదిలో పెడితే గోడలకి కొట్టుకుని ఏ దరువు ఏదో తెలియదు. మేడ మీద ఖాళీ జాగాలో, మైకులు కనీసం రెండు మూడు మీటర్ల దూరంల పెట్టు. లెవెల్ నువ్వు అనుకున్నదానికంటే బాగా తగ్గించు, వాళ్ళు సౌండ్ చెక్‌లో కొట్టింది ఒకటి, అసలు టేకులో కొట్టేది ఒకటి. అన్నింటికంటే ముఖ్యం, క్లిక్ ఇయ్యకు. హెడ్‌ఫోన్ పెడితే ఊపు చచ్చిపోతది. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వేగం పెంచుకుంటరు.

---

రీపర్_రైతు · బుధవారం మధ్యాహ్నం 1:52

కరెక్ట్. క్లిక్ లేకుండా తీసుకున్నాక ఆ రికార్డింగ్‌ మీదే ప్రతి బారు మొదట్లో టెంపో మార్కర్ పెట్టుకుంటూ పో. గ్రిడ్డు (తెర మీది బీట్ల గీతలు) వాళ్ళ వెంట నడుస్తుంది. తర్వాత నీ షెహనాయ్, బేస్ అన్నీ ఆ గ్రిడ్డు మీదే కూర్చుంటాయి. వాళ్ళని గ్రిడ్డుకి కట్టేసే పని మాత్రం పెట్టుకోకు.

ఇంకోటి, ఆ లూప్ పోవడమే మంచిది. అదే ప్యాక్ కొన్నవాళ్ళు బోలెడుమంది ఉంటారు. వాళ్ళలో ఎవడో దాన్ని పాటలో వేసి కంటెంట్ ఐడీలో (యూట్యూబ్ కాపీరైట్ గుర్తించే వ్యవస్థ) నమోదు చేసుంటే, యూట్యూబ్‌లో పెట్టగానే మీ సినిమాకే క్లెయిమ్ వస్తుంది. నాకు వచ్చింది. తేల్చుకోవడానికి నెల పట్టింది.

---

పాత_నాగ్రా · బుధవారం సాయంత్రం 6:05

మంచి పని జరుగుతోంది. అడ్డు రావడం ఇష్టం లేదు కానీ ఒక మాట అడగాలి. శనివారం థియేటర్లో డైలాగు వినపడిందా?

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · బుధవారం సాయంత్రం 6:30

...సగం. తండ్రి గొణిగే చోట మ్యూజిక్ మింగేసింది. ఇంట్లో అయితే బాగానే వినపడింది సార్. ఆటో సీన్‌లో నా కింది డ్రోన్ (ఆగకుండా మోగే స్వరం) అసలు వినపడనే లేదు, ఇంజిన్ మోతలో కలిసిపోయింది.

---

పాత_నాగ్రా · బుధవారం రాత్రి 8:40

అనుకున్నాను. ఎడిటింగ్ ఫైల్‌లో ఉన్న పైలట్ ట్రాక్ (షూటింగ్‌లో తీసిన తాత్కాలిక శబ్దం) మీద సంగీతం చేసి ఉంటారు. తర్వాత డబ్బింగ్ వచ్చింది, ఎఫెక్ట్స్ వచ్చాయి, ఎవరో ఆటో ఇంజిన్ బాగా నింపారు. మీ డ్రోన్, ఆ ఇంజిన్ రెండూ అదే కింది స్థాయిలో కొట్టుకుంటున్నాయి. ఎవరో ఒకరు తప్పుకోవాలి. ఇంజిన్ తప్పుకోలేదు, ఆటో తెర మీద కనిపిస్తోంది. డ్రోన్‌ని ఒక స్థాయి పైకి తీసుకెళ్ళండి.

మాట స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మీ వయొలిన్ మెరుపు కూడా అక్కడే. తండ్రి మాట్లాడే చోట ఆ భాగం మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి. లేదంటే మాట ఆగిన ఖాళీల్లోనే వయొలిన్ పలికించండి, అది ఇంకా మంచిది. మొత్తం శబ్దం తగ్గించడం మాత్రం సోమరి పని.

ఇంట్లో ఎందుకు బాగుందంటే, హెడ్‌ఫోన్స్‌లో డైలాగు మీ చెవి పక్కన ఉంది. థియేటర్లో అది తెర వెనక మధ్య స్పీకర్లోంచి వస్తుంది, హాలంతా మీ రివెర్బ్ మీద ఇంకో రివెర్బ్ వేస్తుంది. ఇంట్లో వేసిన ప్రతిధ్వని సగానికి తగ్గించుకోండి. ఇంకొకటి, యూట్యూబ్ కోసం మైనస్ 14 లఫ్స్‌కి (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) బిగించి ఇచ్చి ఉంటారు. థియేటర్ మిక్స్‌కి ఆ బిగింపు వద్దు. లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కేది) తీసేసి, రిథమ్, తీగలు, డ్రోన్, వయొలిన్ విడివిడిగా, దేని రివెర్బ్ దానితోనే కలిపి 24 బిట్‌లో ఇవ్వండి. మిక్స్ చేసేవాడికి కదిలించుకునే చోటు ఉండాలి.

---

లాజిక్‌_ఒక్కటే · బుధవారం రాత్రి 9:12

నాగ్రా సార్ పోస్టులన్నీ కాపీ చేసి దాచుకుంటున్నా. మా నాన్నకి ఇదంతా చెప్తే "పాట ఒక్కటీ లేదా? మరి ఏం చేశాడు ఆ అబ్బాయి నెలన్నర?" అన్నారు. కీరవాణి గారికి 2023లో వచ్చిన ఆస్కార్ పాటకి, నేపథ్య సంగీతానికి అక్కడ వేరే ఆస్కార్ ఉంటుంది అని చెప్పా. "అయితే దానికీ ఒకటి తెమ్మను" అన్నారు.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · శుక్రవారం రాత్రి 11:30

నిన్న గానసభ వెనక వరండాలో వయొలిన్ అయింది. మూడో టేకు మధ్యలో ఎవరి స్కూటరో స్టార్ట్ అయింది. మేడమ్ ఆపకుండా వాయించేశారు, వింటే అదే మంచి టేకు. అలాగే ఉంచేశా, సీన్‌లో ఆటో ఉంది కదా.

ఇవాళ బార్కస్‌లో మర్ఫా. లెవెల్ తగ్గించమన్నారని తగ్గించా, అయినా మొదటి టేకు పగిలిపోయింది. 40 సెకన్లకి పిలిస్తే పావుగంట వాయించి, చాయ్ తాగించి పంపారు. మార్కర్లు పెట్టి చూస్తే 112లో మొదలై 131 దగ్గర ఆగారు. ఒక్కచోట కూడా తడబడలేదు. డబ్బులు తీసుకునేటప్పుడు మామూ ఒకటే అడిగారు, మా బ్యాండ్ పేరు తెర మీద పడుతుందా అని. కాగితం మీద రాసిచ్చా.

స్టెమ్స్ ఎక్స్‌పోర్ట్ అవుతున్నాయి. తల పాప్, తోక పాప్ రెండూ పెట్టా.

---

యూసుఫ్‌గూడ_కీబోర్డ్ · శనివారం మధ్యాహ్నం 3:05

అయిపోయింది. రెండు పాప్‌లూ కలిశాయి. తలుపు చప్పుడు, వయొలిన్లు ఒకేసారి. ఎవరూ నవ్వలేదు. ఆటో మలుపు దగ్గర మా డైరెక్టర్ అమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆమె ఏ సీన్‌కైనా తుడుచుకుంటారట, రూమ్మేట్ చెప్పాడు. అయినా సరే.

తండ్రి గొణుగుడు ఇప్పుడు వినపడుతోంది. డ్రోన్ ఇంకొంచెం ఎక్కువే అనిపించింది.

బయటికొచ్చి టీ తాగుతుంటే డైరెక్టర్‌కి మెసేజ్ వచ్చింది. పంపాలనుకున్న ఫెస్టివల్‌లో 15 నిమిషాలు దాటకూడదట.

---

ఎడిట్_టేబుల్ · శనివారం మధ్యాహ్నం 3:11

3 నిమిషాలు. అంటే 4320 ఫ్రేములు. మార్పుల జాబితా సోమవారానికి ఇప్పిస్తా, మేడమ్‌ని లెక్కతో సిద్ధంగా ఉండమను.

---

మిశ్రచాపు · శనివారం సాయంత్రం 4:00

96 టెంపోలో 288 బీట్లు. ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఆ ఒక్క బీటు ఎక్కడైనా దాచుకోమనండి.

---

పాత_నాగ్రా · శనివారం సాయంత్రం 5:50

తోక పాప్ కొత్త చివరకి జరపడం మర్చిపోకండి.